ఏడో వరుస కదిలితే

తూనికలు కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఆ సోమవారం ఉదయం కాఫీ తాగి, ఒక తెల్లకాగితం మీద ఆనాటి కార్యక్రమం రాసుకున్నాడు. ఒకటి: తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఒంటరి పేకాట నేర్చుకొనుట. రెండు: భోజనం. మూడు అని అంకె వేశాడు గానీ దాని పక్కన ఏం రాయాలో తోచలేదు. కాసేపు కలం పట్టుకుని చూసి, అంకె కొట్టేశాడు.

రిటైరై ఇరవై రోజులైంది. మొదటి వారంలో ఇంట్లో కొలవదగినవన్నీ కొలిచేశాడు. వంటింటి త్రాసు, పాలు పోసే గ్లాసు, గోడ గడియారం, మూడు తలుపులు. రెండో వారంలో భార్య టేపు మీద పడ్డాడు. ఆవిడ టైలరు. ఇంటి ముందుగదిలోనే షాపు. ఏళ్ళ తరబడి వాడి వాడి ఆ టేపు సాగిపోయిందనీ, గజానికి పావంగుళం తేడా వస్తోందనీ ఆయన కనిపెట్టాడు. ఆ సంగతి భార్యకు చెప్పి ఊరుకుంటే పోయేది. కోటు కొలతలివ్వడానికి చేతులు చాపి నిలబడ్డ మనిషికి చెప్పాడు.

"ఇంకో మనిషి అవసరం లేని పనేదైనా చూసుకోండి," అంది భార్య ఆ సాయంత్రం. గొంతు పెంచలేదు. గొంతు పెంచకుండా అన్న మాటలే ఆ ఇంట్లో అమలయ్యేవి.

ఆవిడ చెల్లెలికి ఫోన్ చేసింది. నాలుగు రోజుల్లో ఆ చెల్లెలి దగ్గర్నుంచి ఒక పేక కట్టా, దానితో పాటు ఒక కాగితమ్ముక్కా వచ్చాయి. ఆట రూల్స్ ఉన్న ఆ కాగితం మీద ఎప్పుడో టీ ఒలికినట్టుంది, కింది సగం చదవడానికి లేదు. ఇన్‌స్పెక్టరు ముందుగా ముక్కలు లెక్కపెట్టాడు. యాభై రెండు. సరిపోయాయి. అప్పుడు మరదలికి ఫోన్ చేశాడు.

"ఏడు వరుసలు పరచాలి బావా. మొదటి వరుసకి ఒకటి, రెండో దానికి రెండు, అలా ఏడో దానికి ఏడు. ఒక్కో వరుసలో చివరి ముక్క మాత్రం వెల్లకిలా, మిగతావన్నీ బోర్లా," అంది మరదలు.

"బోర్లా ఉన్నవి ఎప్పుడు చూడాలి?"

"వాటి మీదున్నది కదిలినప్పుడు. నలుపు మీద ఎరుపు, ఎరుపు మీద నలుపు, పెద్దదాని మీద చిన్నది పెట్టుకుంటూ పోవాలి. వరుస ఖాళీ అయితే రాజుని తప్ప ఎవర్నీ పెట్టకూడదు. ఆసులు పైకి తీసి, వాటి మీద రెండు, మూడు అలా పేర్చాలి. నాలుగు రంగులూ రాజు దాకా వెళ్ళాయంటే ఆట తెరుచుకున్నట్టు."

"ఎవరు గెలిచినట్టు?"

"మీరే."

"ఎవరి మీద?"

"మీ మీదే బావా."

"తెరుచుకోకపోతే ఎవరు ఓడినట్టు?"

"అప్పుడూ మీరే."

ఇన్‌స్పెక్టరు ఇదంతా నోటుబుక్కులో రాసుకున్నాడు. తూచేవాడూ తనే, తూగేవాడూ తనే. ఇలాంటి ఏర్పాటు ఆయన ఉద్యోగంలో ఎక్కడా చూడలేదు. ఆయనకు ఆసక్తి పుట్టింది.

ఆడుకోవడానికి చోటే దొరకలేదు. భోజనాల బల్ల మీద భార్య గుడ్డ కత్తిరిస్తోంది. మంచం మీద పరిస్తే ముక్కలు జారిపోతున్నాయి. చివరికి ముందు వరండాలో, షాపుకొచ్చినవాళ్ళు కూర్చునే మూడు కుర్చీల ఎదురుగా ఉన్న బల్ల ఖాళీ చేసుకుని, అక్కడ ఏడు వరుసలు పరిచాడు. అద్దాల వరండా కావడంతో వీధిలో పోయేవాళ్ళకు ఆయన వంగిన తలా, బల్ల మీద ముక్కలూ స్పష్టంగా కనిపించేవి.

మొదటగా వచ్చింది బేకరీ ఆవిడ. కోటు బిగుతైందని కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. లోపల ట్రయల్ గదిలో ఇంకెవరో ఉంటే కుర్చీలో కూర్చుంది. ఆవిడ మనసంతా బేకరీ పైనున్న గది మీదుంది. అది ఖాళీ అయి నెల దాటింది. అద్దెకు ఇద్దరు అడుగుతున్నారు. ఒకడు కళ్ళద్దాల షాపులో పనిచేసే నెమ్మదస్తుడు. రెండోవాడు బ్యాండులో బాకా ఊదే మనిషి, అతని నడకా మీసాలూ చూసి వీధంతా అతన్ని రాజా అని పిలిచేది. ఎవరికిస్తే ఏం ముంచుకొస్తుందోనని ఆవిడ ఎటూ తేల్చుకోలేకపోతోంది.

ఇన్‌స్పెక్టరు తల ఎత్తలేదు. మూడో వరుసలో చివరి ముక్క తీసి పక్కన పెట్టి, తనలో తను అన్నట్టుగా, "ఖాళీ అయిపోయింది," అన్నాడు.

బేకరీ ఆవిడ ఉలిక్కిపడింది. "మీకెవరు చెప్పారు అన్నయ్యగారూ?"

"ఒకరు చెప్పేదేముందమ్మా, కనిపిస్తోందిగా. ఖాళీ అయింది కదాని ఇందులో ఎవర్ని పడితే వాళ్ళని పెట్టకూడదు. రాజు వస్తేనే పెట్టాలి."

"రాజాయేనా? ఇంకొకరికి ఇవ్వకూడదా?"

"ఇవ్వకూడదు. రాజు దొరక్కపోతే ఖాళీగానే ఉంచాలి. అది రూలు."

ఆవిడ కోటు సంగతి మర్చిపోయి లేచి వెళ్ళింది. తన ఆట ఇంత శ్రద్ధగా విన్న మనిషి కోటు ఇవ్వకుండా ఎందుకు పోయిందా అని ఇన్‌స్పెక్టరు కొంచెం ఆశ్చర్యపోయాడు. పదిన్నరకల్లా ఆట ఇరుక్కుపోయింది. మళ్ళీ పరిచాడు. మళ్ళీ ఇరుక్కుపోయింది. పన్నెండుకు నేర్చుకోవడం పూర్తికాలేదని కాగితం మీద రాసి, భోజనానికి లేచాడు.

రాజా బుధవారం గదిలో దిగాడు. గురువారం తెల్లవారకముందే కిటికీ తెరిచి బాకా సాధన మొదలుపెట్టాడు. బేకరీలో పిండి కలిపే ఇద్దరు మనుషులు అలారం మోగినా లేవని బాపతు. బాకాకు మాత్రం ఇద్దరూ ఒకేసారి లేచి కూర్చున్నారు. ఆ రోజు రొట్టెలు అరగంట ముందు బయటికొచ్చాయి. అరగంట ముందు వచ్చిన రొట్టెలు కొనడానికొచ్చిన ప్రతి ఒక్కరికీ బేకరీ ఆవిడ ఇన్‌స్పెక్టరు ముక్కల సంగతి చెప్పింది. నోరు విప్పి అడగకుండానే గది ఖాళీ అని చెప్పాడట, మనిషి పేరుతో సహా చెప్పాడట.

శుక్రవారానికి వరండాలో మూడు కుర్చీలూ నిండాయి. శనివారం ఇద్దరు నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరుకు సంతోషం కలిగింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన ఎక్కడికెళ్ళినా జనం త్రాసులు దాచేసి పక్క సందులోకి జారుకునేవాళ్ళు. ఇప్పుడు తనంతట తాను నేర్చుకుంటున్న ఒక చిన్న ఆట చూడ్డానికి పెద్దపెద్దవాళ్ళు వచ్చి ఊపిరి బిగబట్టి కూర్చుంటున్నారు. ఒంటరి పేకాట అంటే జనానికి ఇంత కుతూహలం ఉందని ఆయన ఎన్నడూ అనుకోలేదు.

"మాకోసం ఒకసారి వేస్తారా?" అని అడిగేవాళ్ళు.

"దానికేం, కూర్చోండి," అని వాళ్ళకోసం కొత్తగా కలిపి పరిచేవాడు.

"కష్టపెడుతున్నామేమో."

"నాకేం కష్టం? అసలు నాకింకా సరిగ్గా రాదండి. నేర్చుకుంటున్నాను."

ఆ మాట బయటికి వెళ్ళాక వినయంగా మారింది. ఎంత తెలిసినా ఏమీ తెలియనట్టే ఉంటాడని చెప్పుకున్నారు.

ఫొటో స్టూడియో ఆయన తన షాపును పెద్ద రోడ్డు మీదికి మార్చాలా వద్దా అని మనసులో అనుకుని కూర్చున్నాడు. మనసులో అనుకుంటే చాలని బేకరీ ఆవిడ చెప్పింది. ఇన్‌స్పెక్టరు పావుగంట ఆడి, చేతిలో ముక్కలు కింద పెట్టి, "లేదండి. దారి మూసుకుపోయింది," అన్నాడు.

"పూర్తిగానా?"

"పూర్తిగా. ఇంక ఎటూ కదలడానికి లేదు."

ఫొటో ఆయన ముఖం పాలిపోయింది. ఒక ఆట పోయినందుకే ఇంత బాధపడే మనిషిని చూసి ఇన్‌స్పెక్టరుకు జాలేసింది. భుజం తట్టి, "బాధపడకండి, నాకు రోజూ ఇంతే," అన్నాడు. ఫొటో ఆయన ఇంకా భయపడి, షాపుకు పోయి, సర్దిన పెట్టెలన్నీ విప్పి మళ్ళీ బీరువాల్లో పెట్టేశాడు.

విచిత్రమేమంటే ఎవరికోసం వేసినా ఆట తెరుచుకోలేదు. ఒక్కసారి కూడా. ఇన్‌స్పెక్టరు ప్రతి ఆటనూ నోటుబుక్కులో ఎక్కించేవాడు. ఎన్ని ముక్కలు పైకి వెళ్ళాయి, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది. ఎనిమిదో రోజుకల్లా ఆయనకు ఒక నియమం కనిపించింది. డైమన్లు ఒక్కోసారి తొమ్మిది దాకా వెళ్ళేవి. ఇస్పేట్లు ఏడు దాకా. ఆఠీన్లు మాత్రం ఎప్పుడూ ఆసు దగ్గరే ఆగిపోయేవి. "ఆఠీను స్వభావరీత్యా ముందుకు సాగదు. కారణం ఆలోచించవలెను," అని రాసి, కింద రెండు గీతలు గీశాడు. రాత్రి పక్క మీద పడుకుని కూడా దాన్ని గురించే ఆలోచించేవాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఇంతగా పట్టుకున్న ప్రశ్న ఇంకోటి లేదు.

లోపల షాపులో భార్యకు వేరే ప్రశ్న పట్టుకుంది. నాలుగైదు రోజుల నుంచి జనం రావడం పెరిగింది, పని తగ్గింది. ప్రయాణానికి కోటు కుట్టమన్న మనిషి వచ్చి, ఇప్పుడొద్దులే అంది. కొత్త షాపుకు తెరలు కుట్టమన్న ఫొటో ఆయన, ఆ గుడ్డ అలాగే ఉంచండి అన్నాడు. నాట్యం నేర్పే టీచరు ప్రదర్శనకని కుట్టమన్న పన్నెండు జతలూ ఆపేయమంది. అందరూ వరండా దాకా బాగానే వస్తున్నారు, లోపలికి అడుగుపెట్టేసరికి ముఖాలు వేలాడేసుకుంటున్నారు.

"మీరు బయట వాళ్ళతో ఏం మాట్లాడుతున్నారు?" అని అడిగింది భర్తని.

"నేనేం మాట్లాడతాను? ఆడుకుంటున్నాను. వాళ్ళు చూస్తున్నారు."

"టేపు సంగతి ఎత్తడం లేదు కదా?"

"నీ టేపు ఊసే ఎత్తలేదు. ఒట్టు."

ఆవిడ నమ్మింది. ఆయన అబద్ధం చెప్పడు. అసలు చిక్కు అక్కడే ఉందని ఆవిడకు తెలియదు.

పదో రోజు మధ్యాహ్నం బస్సు డిపో కంట్రోలరు వచ్చాడు. ఉదయాన్నే ఏ బస్సు ఎప్పుడు గేటు దాటాలో చెప్పేది ఆయనే. జాగ్రత్తపరుడు, ఒకటికి పదిసార్లు చూసుకునే మనిషి. మర్నాటి నుంచి కొత్త టైం టేబులు అమల్లోకి రాబోతోంది. యూనిఫాం చొక్కాకు గుండీలు కుట్టించుకునే నెపంతో వచ్చి, బల్ల ఎదురుగా కూర్చున్నాడు.

"రేపట్నుంచి కొత్తగా మొదలుపెడుతున్నాం సార్. మీకేమనిపిస్తోంది?" అన్నాడు మెల్లిగా.

కంట్రోలరు కూడా పేకాట నేర్చుకోబోతున్నాడనుకున్నాడు ఇన్‌స్పెక్టరు. "మంచిదే. మొదట్లో అంతా ఇరుక్కుపోతుంది. కంగారుపడకూడదు," అన్నాడు.

కంట్రోలరు జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. "ఇరుక్కోకుండా ఏం చెయ్యాలి సార్?"

ఇన్‌స్పెక్టరు ఎదురుగా ఉన్న వరుసలను పరీక్షగా చూశాడు. చాలాసేపు చూశాడు. అన్నిటికన్నా పొడుగ్గా ఉన్న చివరి వరుస కింద ఆరు ముక్కలు బోర్లా పడి ఉన్నాయి. "చూడండి, మొత్తం ఇక్కడుంది. ఏడు కదిలితే గానీ మిగతావేవీ కదలవు. తొందరపడి ఇంకోటి కదిపామా, అన్నీ పోతాయి. ముందు ఏడు."

కంట్రోలరు రాసుకున్నాడు. గుండీలు మర్చిపోయాడు.

మర్నాడు ఉదయం ఆరింటికి డిపోలో నలభై బస్సులు ఇంజన్లు వేసుకుని సిద్ధంగా నిలబడ్డాయి. గేటు మూసే ఉంది. ఏడో నెంబరు బస్సు షెడ్డులో గేరు బాక్సు విప్పి ఉంది. దాని ముక్కలు గోనెపట్టా మీద వరసగా పేర్చి ఉన్నాయి.

"ఏడు ముందు కదలాలి," అన్నాడు కంట్రోలరు.

"గేరు బాక్సు నేల మీదుంది సార్," అన్నాడు మెకానిక్కు.

"బిగించండి."

"మధ్యాహ్నం అవుతుంది."

"అయినా సరే. ఏడు కదలందే ఏదీ కదలదు."

డ్రైవర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కొత్త టైం టేబులు ఇలాగే ఉంటుందేమోనని ఇంజన్లు ఆపేసి కూర్చున్నారు. ఊరంతా బస్టాపుల్లో నిలబడి నిలబడి, తొమ్మిదింటికి నడక మొదలుపెట్టింది. ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు, కాలేజీ పిల్లలు, ఆస్పత్రి నర్సులు అందరూ రోడ్డు మీదే. నడిచినవాళ్ళలో తూనికలు కొలతల శాఖ కొత్త ఇన్‌స్పెక్టరు కూడా ఉంది. ఆ అమ్మాయి ఈ పెద్దాయన చేతి కింద ఆరేళ్ళు పని నేర్చుకుని ఆయన కుర్చీలోకి వచ్చింది. ఆ రోజు మార్కెట్టులో తనిఖీ ఉండడంతో ఇత్తడి తూకపురాళ్ళ పెట్టె వెంట తీసుకుని బయల్దేరింది. ఆ పెట్టెతో మూడు కిలోమీటర్లు నడిచింది. ఆఫీసుకు చేరేసరికి బల్ల మీద డిపో నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. మీ శాఖ మాజీ ఉద్యోగి ఒకాయన ముక్కలు వేసి చెప్పిన మీదట బస్సులు ఆపవలసి వచ్చినట్టు మా కంట్రోలరు వాంగ్మూలం ఇచ్చారు, తగు చర్య తీసుకోగలరు అని రాసుంది.

పెట్టె కింద పెట్టకుండానే వెనక్కి తిరిగింది.

పదకొండింటికి ఆమె వరండా తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి ఎనిమిది మంది ఉన్నారు. బేకరీ ఆవిడ ఉంది. ఫొటో ఆయన, తన విషయంలో ఏమైనా మారిందేమో చూద్దామని, మళ్ళీ వచ్చాడు. నాట్యం టీచరు ఉంది. కంట్రోలరు కూడా ఉన్నాడు. ఏడు కదిలేది ఎప్పుడో అడగడానికి వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు ముఖం విప్పారింది. "రామ్మా, రా. నువ్వూ చూద్దామని వచ్చావా? కుర్చీ ఇవ్వండి ఎవరైనా."

"సార్," అంది కొత్త ఇన్‌స్పెక్టరు పెట్టె దించి, చెయ్యి విదిలించుకుంటూ. "మీరు జోస్యం చెబుతున్నారని ఫిర్యాదు వచ్చింది."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "నేనా? జోస్యమా? ఎవరన్నారు? ఇది పేకాటమ్మా. ఒంటరిగా ఆడేది. వీళ్ళంతా చూసి నేర్చుకుంటున్నారు." చుట్టూ చూశాడు. ఒక్కరూ నవ్వలేదు.

"ఆటేంటి అన్నయ్యగారూ?" అంది బేకరీ ఆవిడ.

"అదే, ఈ ఆట. మీరంతా ఇన్నాళ్ళూ చూస్తున్నది."

"మా గదిలో రాజాని పెట్టమని మీరే కదా చెప్పారు?"

"మీ గదేమిటి? నేను మూడో వరుస సంగతి చెప్పాను."

"ఏడు ముందు కదలాలన్నారు కదా సార్," అన్నాడు కంట్రోలరు. పుస్తకం తీసి చూపించాడు. తేదీ, టైముతో సహా రాసి ఉంది.

ఇన్‌స్పెక్టరు ఆ పుస్తకం చదివాడు. తర్వాత ఫొటో ఆయన ముఖం చూశాడు. భుజం తట్టి తను అన్న మాట గుర్తొచ్చింది. ఒక్కొక్కరి ముఖం చూస్తున్నకొద్దీ ఒక్కొక్క మాట గుర్తొచ్చింది. మూసుకుపోయింది. ఇంక లేదు. ఎటూ వెళ్ళలేం. కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. ముప్పై నాలుగేళ్ళలో ఎవరికీ ఒక గ్రాము తక్కువ తూగనివ్వని మనిషి.

లోపల మిషన్ చప్పుడు ఆగింది. భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"సార్, నాకు నేర్పింది మీరే," అంది కొత్త ఇన్‌స్పెక్టరు. ఆమె గొంతు మెత్తబడింది. "ఫిర్యాదు వస్తే మనిషిని తర్వాత చూడాలి, ముందు పరికరం చూడాలి అన్నారు. ఆ కట్ట ఒకసారి ఇవ్వండి."

"యాభై రెండున్నాయి. నేనే లెక్కపెట్టాను."

"లెక్క కాదు సార్. ఏవేం ఉన్నాయో చూస్తాను."

బల్ల మీద చోటు చేసుకుని ముక్కలను నాలుగు రంగులుగా విడదీసింది. ఇస్పేట్లు పదమూడు. డైమన్లు పదమూడు. కళావర్లు పద్నాలుగు. అందరూ ముందుకు వంగారు. కళావరు తొమ్మిది రెండుంది. ఆఠీన్లు పరుస్తూ ఆసు పక్కన ఆమె వేలు ఆగింది.

"ఆఠీను రెండేది సార్?"

ఇన్‌స్పెక్టరు నోటుబుక్కు తెరిచి, తను రెండు గీతలు గీసిన వాక్యం చూసుకుని, మూసేశాడు.

"ఎన్ని ఆటలు వేశారు?"

"నూట పద్దెనిమిది."

"తెరుచుకున్నవి?"

"ఒక్కటీ లేదు."

"ఎలా తెరుచుకుంటుంది సార్?" అంది ఆమె.

ఆయన అక్కడికక్కడే మరదలికి ఫోన్ చేశాడు. మరదలు నొచ్చుకుంది. "ఇంట్లో రెండు పాత కట్టలున్నాయి బావా. రెండిట్లోనూ ముక్కలు పోయాయి. వెనక బొమ్మ ఒకటేగా అని రెండూ కలిపి యాభై రెండు లెక్కపెట్టి పంపాను. లెక్క సరిపోయిందా లేదా?"

"సరిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఫోన్ పెట్టేసి లేచి నిలబడ్డాడు. "చూడండి," అన్నాడు అందరితో. "ఇందులో జోస్యం లేదు, ఏమీ లేదు. రేపు ఏం జరుగుతుందో ముక్కలకేం తెలుస్తుంది? అదలా ఉంచండి. ఆట కూడా తప్పుడు ఆటే. ముక్క లేని కట్టతో ఆడాను. ఇన్నాళ్ళూ ఇతరుల తప్పుడు రాళ్ళు పట్టుకుని, చివరికి నేనే తప్పుడు తూకం తూచాను. నన్ను క్షమించాలి."

మొదటి సగం ఎవరూ విన్నట్టు లేదు. ఫొటో ఆయన కుర్చీ అంచుకు జరిగాడు. "అంటే నాకు దారి మూసుకుపోయిందన్నది...?"

"మీకూ దానికీ సంబంధమే లేదండి."

"అంటే చెల్లదు."

"అసలు చెల్లడమనేది..."

"చెల్లుతుందా, చెల్లదా?"

ఇన్‌స్పెక్టరు ఒక్క క్షణం ఆలోచించాడు. "చెల్లదు," అన్నాడు.

ఫొటో ఆయన ఊపిరి వదిలిన చప్పుడు వీధిలోకి వినిపించి ఉంటుంది. నాట్యం టీచరు అప్పటికే లేచింది. ప్రయాణం మానుకున్నావిడకు చెప్పాలని బేకరీ ఆవిడ పరుగు లాంటి నడకతో బయల్దేరింది. కంట్రోలరు పుస్తకంలో ఆ పేజీ అడ్డంగా కొట్టేసి, డిపోకు ఫోన్ చేసి, గేటు తెరవమన్నాడు. పది నిమిషాల తర్వాత వీధి చివర బస్సులు ఒకదాని వెనక ఒకటి వెళ్తున్న చప్పుడు వినిపించింది. ఇన్‌స్పెక్టరు మాత్రం తన పద్ధతి ప్రకారం ఒక ప్రకటన రాసి వరండా అద్దానికి అంటించాడు: ఈ కట్టలో ఆఠీను రెండు లేదు, కళావరు తొమ్మిది అదనంగా ఉన్నది, కనుక ఇక్కడ ఇంతవరకు జరిగిన నూట పద్దెనిమిది ఆటలూ రద్దు.

భోజనం వేళకల్లా ఆర్డర్లు రద్దు చేసుకున్నవాళ్ళందరూ ఒకేసారి తిరిగొచ్చారు. అందరికీ ఎల్లుండికే కావాలి. పన్నెండు జతలు, తెరలు, కోటు. భార్య నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీసుకుంటూ, భర్త వైపు ఒక చూపు చూసింది. అది కోపమో నవ్వో ఆయనకు అంతుపట్టలేదు. సూదులుండగా ఆవిడ ఏదీ బయటపెట్టదు.

అందరూ వెళ్ళాక కొత్త ఇన్‌స్పెక్టరు ఆ కట్టను గుడ్డసంచిలో పెట్టి, లక్క కరిగించి సీలు వేసింది. రశీదు రాసిచ్చింది. లేవబోయి, బ్యాగులోంచి ఇంకో కవరు తీసింది.

"నిజానికి ఇది ఇవ్వడానికే ఈ వారం వద్దామనుకున్నాను సార్. ఈ లోపల ఆ ఫిర్యాదు వచ్చి పడింది. కొత్తగా చేరిన పదిమందికి పని నేర్పడానికి ఎవరూ లేరు. వారానికి మూడు రోజులు. మీరు వస్తారేమోనని పై ఆఫీసుకు నేనే రాశాను. ఒప్పుకున్నారు."

ఇన్‌స్పెక్టరు కవరు తిప్పి తిప్పి చూశాడు. "ఇవాళ నేను చేసిన నిర్వాకం చూశాక కూడానా?"

"పరికరాన్ని లెక్కపెట్టి ఊరుకుంటే ఏమవుతుందో చెప్పడానికి మీకన్నా మంచి మనిషి దొరకడు సార్," అంది ఆమె. "సాయంత్రం ఐదులోగా ఫోన్ చెయ్యండి." పెట్టె ఎత్తుకుని బస్సెక్కడానికి వెళ్ళింది.

ఆయన కవరు జేబులో పెట్టుకుని వీధి చివర షాపుకు వెళ్ళి, సీలు విప్పని కొత్త పేక కట్ట కొనుక్కొచ్చాడు. వరండాలో కూర్చుని, ఈసారి రంగు రంగుగా విడదీసి, ఒక్కో ముక్కా ముట్టుకుని సరిచూశాడు. ఆఠీను రెండును వెలుతురులోకి ఎత్తి కాసేపు చూశాడు. ఎంత మామూలుగా ఉందో. తర్వాత కలిపి, ఏడు వరుసలు పరిచాడు.

మూడింటికి భార్య దారపు ఉండ కోసం బయటికొచ్చింది. "ఫోన్ చేశారా?"

"ఇంకా లేదు. ఆలోచిస్తున్నాను."

"ఇందులో ఆలోచించడానికేముంది? నెల రోజుల నుంచి మీరు నా తలుపులు కొలుస్తున్నారు. వెళ్తానని చెప్పేయండి."

"చెబుతాను. పిల్లలకి నచ్చుతానో లేదో. ఈ కాలం పిల్లలు. చెప్పింది వింటారో లేదో."

ఆవిడ బల్ల వైపు చూసింది. "మరి ఇదేంటి?"

"కొత్త కట్ట. సరిగ్గా ఉందో లేదో చూస్తున్నాను."

"ముక్కలన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"మరింకేం చూస్తున్నారు?"

ఇన్‌స్పెక్టరు బల్ల మీదికి వంగాడు. ఎర్ర పది మీద నల్ల తొమ్మిది పెట్టాడు. ఆవిడ దారపు ఉండ తీసుకుని, తల అడ్డంగా ఊపుతూ లోపలికి వెళ్ళిపోయింది. మొదటి ఆట సగంలో ఇరుక్కుంది. రెండోది చివరిదాకా వచ్చి, నాలుగు ముక్కల దగ్గర ఆగిపోయింది. నాలుగున్నర అయింది. మూడోసారి పరిచాడు. ఆఠీన్లు ఆసు దాటాయి, రెండు దాటాయి, మూడు దాటాయి. పావుతక్కువ ఐదుకు నలుగురు రాజులూ పైకి చేరారు. ఆయన ఫోన్ తీసుకుని, సోమవారం నుంచి వస్తున్నానని చెప్పాడు.

మొదటి రెండు ఆటలూ కట్టను పరీక్షించడానికి వేసినవే తప్ప లెక్కలోకి రావని ఆయన అభిప్రాయం.